ఎస్‌టీపీలో బ్లోయర్ చేసే రెండు పనులు

బెంగళూరులో ఏ అపార్ట్‌మెంట్ సంఘం సమావేశానికి వెళ్లినా నెలవారీ ఖర్చుల పట్టికలో అందరి చూపూ ఆగే వరుస ఒకటి ఉంటుంది: మురుగుశుద్ధి ప్లాంటు, అంటే ఎస్‌టీపీ, కరెంటు బిల్లు. మాట వెంటనే మురుగు ట్యాంకులోకి గాలి కొట్టే యంత్రమైన బ్లోయర్ మీదికి మళ్లుతుంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు వైపు మనవాళ్లు ఎక్కువగా ఉండే సముదాయాల్లోనైతే ఆ చర్చ సగం తెలుగులోనే సాగుతుంది. "రాత్రంతా బ్లోయర్ ఎందుకు తిరగాలండీ? పదకొండు నుంచి అయిదు దాకా ఆపేద్దాం. చప్పుడూ తగ్గుతుంది, బిల్లూ తగ్గుతుంది" అని ఒకరు అంటారు. "ఆపితే పొద్దున్నే పార్కింగ్‌లో నిలబడలేమండీ, వాసన" అని మరొకరు అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయినా ఆ వాదన ఏళ్ల తరబడి తేలదు. బ్లోయర్ చేస్తున్నది ఒకే పని అని ఇద్దరూ అనుకోవడమే దానికి కారణం.

అది చేసేది రెండు పనులు. మురుగును తినే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ అందించడం ఒకటి. ఆ సూక్ష్మజీవులు అడుగున పేరుకుపోకుండా, ట్యాంకు నిండా తేలుతూ ఉండేలా నీటిని కలియబెట్టడం రెండోది. ఒకే గాలి రెంటినీ చేస్తుంది కనుక అవి ఒకటిగానే కనిపిస్తాయి. కానీ ఒకటి పుష్కలంగా ఉండి రెండోది చాలకపోవచ్చు. ఏది చాలడం లేదో తేల్చుకోకుండా కొత్త బ్లోయర్ కొన్నా, ఉన్నదాన్ని ఆపేసినా డబ్బు దండగే. నేను చూసిన ఎస్‌టీపీ గొడవల్లో ఎక్కువ భాగానికి మూలం ఇక్కడే ఉంది.

ముందు ఆ ట్యాంకులో ఉన్నదేమిటో చూద్దాం. బ్లోయర్ గాలి కొట్టే ఈ ఏరేషన్ ట్యాంకులోని ముదురు గోధుమరంగు ద్రవాన్ని చూసి చాలామంది అదంతా మలినమే అనుకుంటారు. నిజానికి ఆ రంగూ ఆ చిక్కదనమూ బ్యాక్టీరియావి. కోట్లాది బ్యాక్టీరియా, వాటి మీద బతికే ఏకకణజీవులు తమ జిగురుతోనే ఒకదానికొకటి అంటుకుని కంటికి ఆనేంత రేణువులవుతాయి. ప్లాంటులో వాటిని ఫ్లాక్ అంటారు. తర్వాతి ట్యాంకైన క్లారిఫయర్‌లో నీరు నిలకడగా ఉంటుంది కాబట్టి ఆ రేణువులు అడుక్కు దిగుతాయి, పైన తేటనీరు మిగులుతుంది. దిగిన బురదలో ఎక్కువ భాగాన్ని పంపుతో మళ్లీ ఏరేషన్ ట్యాంకుకే పంపుతారు. పాలు తోడుకోవడానికి నిన్నటి పెరుగు ఎంత అవసరమో, రేపటి మురుగు శుద్ధి కావడానికి ఈ బురద అంత అవసరం.

ఈ కిటుకు కనిపెట్టి నూరేళ్లు దాటింది. మాంచెస్టర్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ ఫౌలర్ 1912లో అమెరికా వెళ్లినప్పుడు మసాచుసెట్స్‌లోని లారెన్స్ ప్రయోగ కేంద్రంలో మురుగుకు గాలి పట్టించే ప్రయోగాలు చూశారు. తిరిగి వచ్చాక ఆయన ప్రోత్సాహంతో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ డేవీహుల్మ్ మురుగుశుద్ధి కేంద్రంలో సీసాల్లో అదే పని మొదలుపెట్టారు. మొదటిసారి మురుగులోని అమ్మోనియా మొత్తం నైట్రేట్‌గా మారడానికి దాదాపు అయిదు వారాలు పట్టింది. వాళ్లు తేటనీటిని మాత్రం తీసేసి, అడుగు మడ్డిని అలాగే ఉంచి, కొత్త మురుగు పోసి మళ్లీ గాలి కొట్టారు. అలా చేసిన కొద్దీ మడ్డి పెరిగింది, పట్టే సమయం తగ్గింది. చివరికి వారాల పని ఒక్క రోజులోపే పూర్తయింది. 1914 ఏప్రిల్ 3న వాళ్లు ఆ ఫలితాలను మాంచెస్టర్‌లో శాస్త్రవేత్తల ముందు పెట్టారు. రెండేళ్లకు, 1916లో, ఫౌలర్ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు ఆచార్యుడిగా వచ్చారు. నేడు ఈ నగరంలో వేలాది బేస్‌మెంట్లలో నడుస్తున్న పద్ధతి పుట్టుకలో చెయ్యి ఉన్న మనిషి ఇదే ఊళ్లో పాఠాలు చెప్పారన్నమాట. ఈ సంగతి మన ఎస్‌టీపీ గదుల్లో ఎక్కడైనా రాసి పెట్టాలనిపిస్తుంది నాకు.

ఆక్సిజన్ సంగతికి వద్దాం. నీటిలో అది కరిగేది చాలా తక్కువ. సముద్రమట్టం దగ్గర, 20 డిగ్రీల ఉష్ణోగ్రతలో, లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాములకు మించి కరగదు. 30 డిగ్రీలకు చేరితే అది 7.5కు పడిపోతుంది. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ గాలి పీడనం దాదాపు పది శాతం తక్కువ. అంటే కరిగే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది, బ్లోయర్ లోపలికి లాక్కునే ప్రతి ఘనపు మీటరు గాలిలో ఉండే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. చెన్నైలో ఒక ప్లాంటుకు సరిపోయిన బ్లోయర్ కొలతలను యథాతథంగా తెచ్చి ఇక్కడ వాడితే రెండు వైపులా నష్టమే.

అయితే సూక్ష్మజీవులకు అంత నిల్వ అక్కర్లేదు. కరిగిన ఆక్సిజన్, ఆపరేటర్ల మాటలో డీఓ, లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే వాటి పని చక్కగా సాగుతుంది. మీటరు 5 చూపిస్తోందని సంతోషించే సంఘాలున్నాయి. అది మంచి వార్త కాదు. నీటిలో ఇప్పటికే ఉన్న ఆక్సిజన్ ఎంత ఎక్కువైతే కొత్తగా కరిగే వేగం అంత తగ్గుతుంది. 2 నుంచి 5కు పెంచడానికి బ్లోయర్ పడే శ్రమ వల్ల శుద్ధిలో వచ్చే మేలు దాదాపు లేదు.

గాలిని నీటిలోకి పంపేది డిఫ్యూజర్. సన్నని చీలికలున్న రబ్బరు పొర దానికి ప్రాణం. గాలి తోసినప్పుడు ఆ చీలికలు తెరుచుకుని సన్నని బుడగలు వస్తాయి, గాలి ఆగితే మూసుకుంటాయి. బుడగ పరిమాణంలోనే అసలు విషయమంతా ఉంది. రెండు సెంటీమీటర్ల బుడగలకు బదులు అదే గాలిని రెండు మిల్లీమీటర్ల బుడగలుగా వదిలితే నీటిని తాకే ఉపరితలం పది రెట్లు పెరుగుతుంది. పైగా చిన్న బుడగ నెమ్మదిగా పైకి వస్తుంది, నీటిలో ఎక్కువసేపు ఉంటుంది. మంచినీటిలో సన్న బుడగల డిఫ్యూజర్ నుంచి ఒక్కో మీటరు లోతుకు సుమారు ఆరు శాతం ఆక్సిజన్ కరుగుతుంది. పెద్ద బుడగలకు అందులో సగం కూడా కరగదు. మురుగునీటిలో ఈ లెక్క ఇంకా దిగజారుతుంది. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పొడి బుడగ చుట్టూ పొరలా చేరి ఆక్సిజన్‌ను అడ్డుకుంటాయి. బెళ్లందూరు చెరువు మీద నురుగు కొండలు లేపిన డిటర్జెంట్లే ఇక్కడ మన కరెంటు బిల్లును పెంచుతాయి. అన్నీ కలుపుకుంటే నాలుగు మీటర్ల ట్యాంకులో మనం పంపే ఆక్సిజన్‌లో కరిగేది పదో వంతు లోపే. మిగతాదంతా పైకొచ్చి గాలిలో కలిసిపోతుంది. మురుగుశుద్ధి కేంద్రం వాడే కరెంటులో సగానికి పైగా ఈ ఒక్క పనికే ఖర్చవుతుందంటే ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. రోజుకు లక్ష లీటర్ల మురుగు వచ్చే సముదాయం అనుకోండి. ఏరేషన్ ట్యాంకు 80 ఘనపు మీటర్లు, లోతు నాలుగు మీటర్లు, అంటే అడుగు వైశాల్యం 20 చదరపు మీటర్లు. మురుగులో లీటరుకు 250 మిల్లీగ్రాముల బీఓడీ (సూక్ష్మజీవులు తినే మలినానికి కొలమానం), 40 మిల్లీగ్రాముల అమ్మోనియా నైట్రోజన్ ఉంటే రెంటినీ ఆక్సీకరించడానికి రోజుకు సుమారు 50 కిలోల ఆక్సిజన్ కావాలి. బెంగళూరు ఎత్తులో ఘనపు మీటరు గాలిలో ఆక్సిజన్ పావు కిలో ఉంటుంది, అందులో కరిగేది ఆరేడు శాతం. అంటే గంటకు 120 నుంచి 130 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఇది ఆక్సిజన్ లెక్క. కలియబెట్టడం లెక్క వేరు. సన్న బుడగల డిఫ్యూజర్లు అడుగంతా పరిచి ఉంటే, బురద పేరుకోకుండా ఉండటానికి చదరపు మీటరుకు గంటకు రెండు ఘనపు మీటర్లకు కొంచెం పైన గాలి ఉండాలి. మన ట్యాంకుకు అది సుమారు 45.

ఈ రెండు అంకెల మధ్య దూరమే మొత్తం కథను చెబుతుంది. ఇళ్లన్నీ నిండి ఉంటే ఆక్సిజన్‌కు కావలసిన గాలే ఎక్కువ. దానికి సరిపడా పంపితే కలియబెట్టడం దానంతట అదే జరిగిపోతుంది. కానీ ఇప్పుడిప్పుడే తాళాలు ఇస్తున్న కొత్త సముదాయంలో మూడో వంతు ఇళ్లలోనే మనుషులుంటే? ఆక్సిజన్ కోసం కావలసిన గాలి గంటకు 40 ఘనపు మీటర్లకు దిగుతుంది, కలియబెట్టడానికి కావలసింది మాత్రం 45 దగ్గరే ఉంటుంది. ట్యాంకు పరిమాణం మారలేదు కదా. అప్పుడు డీఓ మీటరు చూసుకుని గాలి తగ్గిస్తూ పోతే ఆక్సిజన్ సరిగ్గానే ఉంటుంది, బురద మాత్రం మూలల్లో చేరుతుంది. రాత్రి రెండు గంటల వేళ కూడా ఇదే పరిస్థితి. మురుగు రావడం దాదాపు ఆగిపోతుంది, ఆక్సిజన్ అవసరం పడిపోతుంది, కలియబెట్టే అవసరం పడిపోదు.

పేరుకున్న బురద ఊరికే ఉండదు. పై పొర కిందున్న సూక్ష్మజీవులకు ఆక్సిజన్ అందదు. కొన్ని గంటల్లో కుళ్లడం మొదలై హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. ట్యాంకు నడిమధ్యలో డీఓ 2 చూపిస్తూనే ఉంటుంది, వాసన వస్తూనే ఉంటుంది. "గాలి సరిపోతోంది, మరి వాసనెందుకు?" అని అందరూ తల పట్టుకునేది ఇలాంటప్పుడే. మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ ఆపరేటర్‌గా చేస్తున్న ఒక కుర్రాడు దీన్ని పట్టుకునే తీరు నాకు బాగా నచ్చింది. ట్యాంకు గట్టు మీద నుంచి పొడవాటి పీవీసీ పైపును ఒక్కో మూలలో దింపుతాడు. పైపు టక్కున కాంక్రీటును తాకితే సరే. "ఇక్కడ మెత్తగా దిగుతోంది సార్, జానెడు బురద ఉంది" అన్నాడంటే ఆ మూలకు గాలి చేరడం లేదని అర్థం. పైపు పైకి తీశాక దాని చివర అంటుకున్న బురద రంగు చూపిస్తాడు. గోధుమరంగైతే ఈ మధ్యే చేరింది. నల్లగా ఉంటే చాలా రోజులుగా ఉంది.

నీటి ఉపరితలం కూడా చాలా చెబుతుంది. మొత్తం ట్యాంకు మీద సన్న బుడగలు సమంగా లేస్తుంటే డిఫ్యూజర్లు ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒక్కచోట కుతకుత ఉడుకుతున్నట్టు నీరు పైకి తన్నుతుంటే అక్కడ రబ్బరు పొర చిరిగింది, లేదా పైపు విరిగింది. గాలంతా ఆ దారినే పోతుంది, మిగతా ట్యాంకు నిశ్చలంగా ఉంటుంది. బ్లోయర్ పక్కనున్న పీడన మీటరునూ చూడాలి. పాత రీడింగు కంటే పీడనం పెరుగుతూ పోతే చీలికలు పూడుకుపోతున్నాయి. ఒక్కసారిగా పడిపోతే ఎక్కడో కారుతోంది. నెలల తరబడి ఆ రీడింగును రాసుకునే సముదాయాలు తక్కువ, రాసుకున్నవాళ్లకు మాత్రం సమస్య వాసన రాకముందే తెలుస్తుంది.

రెండు లోపాల్లో ఏది ఉందో తేల్చడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ట్యాంకులో నాలుగైదు చోట్ల, పైనా అడుగునా నీటిని తీసి, ఒక్కోదాన్ని లీటరు కొలజాడీలో పోసి అరగంట కదపకుండా ఉంచాలి. అన్ని జాడీల్లోనూ బురద మట్టం ఒకేలా ఉండి డీఓ అర మిల్లీగ్రాముకు పడిపోయి ఉంటే కలియబెట్టడం బాగుంది, ఆక్సిజన్ చాలడం లేదు. డీఓ బాగుండి ఒక జాడీలో 300 మిల్లీలీటర్లు, మరో జాడీలో 120 వస్తే ఆక్సిజన్ ఉంది, కలియబెట్టడం లేదు. రెండో సందర్భంలో పెద్ద బ్లోయర్ కొనడం కంటే డిఫ్యూజర్ల అమరిక సరిచేయడం మేలు. మరీ ఎక్కువగా కలియబెట్టినా ప్రమాదమే. పెద్ద బుడగల తాకిడికి ఫ్లాక్ రేణువులు చితికిపోయి క్లారిఫయర్‌లో దిగవు. బయటికొచ్చే నీరు మసకగా ఉంటుంది, దాన్ని చూసి మళ్లీ గాలి తక్కువైందనుకుని ఇంకా పెంచుతారు.

గాలి అసలే ఉండకూడని చోటు కూడా ప్లాంటులో ఒకటి ఉంటుంది. అనాక్సిక్ ట్యాంకులో బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను లాక్కుని నైట్రోజన్‌ను వాయువుగా వదిలేయాలి. కరిగిన ఆక్సిజన్ దొరికితే అవి నైట్రేట్ జోలికే పోవు. ఇక్కడ కావలసింది కలియబెట్టడం మాత్రమే. నీటిలో మునిగి తిరిగే మిక్సర్ ఘనపు మీటరుకు 5 నుంచి 10 వాట్లతో ఆ పని చేసేస్తుంది. చాలా అపార్ట్‌మెంట్లలో మిక్సర్ కాలిపోగానే "బ్లోయర్ ఉందిగా" అని ఒక గాలి గొట్టం వేసేస్తారు. అంతటితో ఆ ట్యాంకు ఉండీ లేనట్టే. నైట్రేట్ అలాగే మిగిలి క్లారిఫయర్ అడుగున వాయువుగా మారుతుంది, బురద ముద్దలుగా పైకి తేలుతుంది. పోయిన లాభం కూడా తక్కువేమీ కాదు. ఒక కిలో నైట్రేట్ నైట్రోజన్‌ను ఇలా తొలగిస్తే 2.86 కిలోల ఆక్సిజన్ ఆదా అవుతుంది, ఆ మేరకు బ్లోయర్ శ్రమ తగ్గుతుంది. నైట్రోజన్ మీద ఇంత పట్టింపు ఎందుకంటే ఈ నీరు ఎక్కడో ఒకచోట చెరువుకో భూమిలోకో చేరుతుంది. కోరమంగళ–చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన నీరు 2018 నుంచి కోలారు జిల్లా చెరువులకు వెళుతోంది. పథకం సామర్థ్యం రోజుకు 44 కోట్ల లీటర్లు. తెలుగు మాట్లాడే పల్లెలు ఎన్నో ఉన్న జిల్లా అది. బెంగళూరులో ఒక ట్యాంకులో మనం ఏం చేశామన్నది అక్కడి రైతుకు సంబంధించిన విషయం.

ఇక రాత్రి ఆపేద్దామన్న ప్రతిపాదన. పైన వేసిన లెక్క ప్రకారం పూర్తి భారంతో నడిచే ట్యాంకులో బ్లోయర్ ఆపితే ఉన్న 2 మిల్లీగ్రాములూ అయిదు నిమిషాల్లో అయిపోతాయి. రాత్రి భారం తక్కువ కనుక ఇంకొంచెం ఎక్కువ పట్టవచ్చు. అరగంటకల్లా పైభాగం తేటపడుతుంది, రెండు గంటల్లో బురద చాలామట్టుకు అడుగున ఉంటుంది. ఆరు గంటల తర్వాత బ్లోయర్ వేసేసరికి డిఫ్యూజర్ల మీద బురద పొర ఉంటుంది. కాసేపు ఆక్సిజన్ లేకుండా ఉండటాన్ని సూక్ష్మజీవులు తట్టుకుంటాయి. రోజూ పేరుకునే బురద కింద నలిగే రబ్బరు పొర తట్టుకోలేదు. కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: బ్లోయర్ మోటారు వేగాన్ని తగ్గించే పరికరం, అంటే డ్రైవ్, పెట్టండి, ఆపకండి. రాత్రి గాలిని కలియబెట్టడానికి కావలసిన కనీస మట్టం దాకా దించవచ్చు, అంతకు కిందికి వద్దు. మిక్సర్లు విడిగా ఉన్న ట్యాంకైతే గాలిని విడతలుగా ఆపి వేయవచ్చు, అది మంచి పద్ధతి కూడా. అన్నీ ఒకే ట్యాంకులో వంతులవారీగా జరిగే ఎస్‌బీఆర్ ప్లాంట్లలో గాలి ఆపడం పద్ధతిలో భాగమే. చప్పుడే అసలు బాధైతే బ్లోయర్‌కు శబ్దాన్ని ఆపే పెట్టె కట్టించండి.

అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది స్లడ్జ్ ట్యాంకు. పెరిగిపోయిన బురదను ఏరేషన్ ట్యాంకు నుంచి తీసి, నీటిని పిండి వేరుచేసే ఫిల్టర్ ప్రెస్‌కు పంపేదాకా ఇందులో ఉంచుతారు. ఇక్కడ బురద చాలా చిక్కగా ఉంటుంది, ఒకటి రెండు శాతం దాకా ఘనపదార్థమే. చిక్కదనం పెరిగే కొద్దీ ఆక్సిజన్ కరగడం తగ్గుతుంది, సన్న చీలికలు త్వరగా పూడుకుపోతాయి. అందుకే ఇక్కడ పెద్ద బుడగల గొట్టాలే వాడతారు. ఆక్సిజన్ విషయంలో కొంత నష్టమున్నా కలియబెట్టే బలం ఎక్కువ. ప్రెస్‌కు పంపే ముందు బురద సమంగా కలిసి ఉండకపోతే దాన్ని ముద్ద కట్టించే రసాయనమైన పాలిమర్ ఒకచోట ఎక్కువై, ఒకచోట చాలక ముద్ద కట్టదు. గాలిని ఒకటి రెండు గంటలు ఆపి, పైన తేరిన నీటిని తీసేయడం సరైన పనే. ఆ తర్వాత మళ్లీ వేయడం మరిచిపోవడమే అసలు ఆపద.

రోజుల తరబడి గాలి లేకుండా ఉన్న బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్ బందీగా ఉంటుంది. ఒక్కసారిగా బ్లోయర్ వేసినా, కర్రతో కలిపినా అది ఒక్కపెట్టున బయటికొస్తుంది. గాలికంటే బరువైన వాయువు కాబట్టి బేస్‌మెంట్‌లో, ట్యాంకు లోపల నేలబారుగా నిలుస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది కాబట్టి తెలిసిపోతుందిలే అనుకోవద్దు. గాలిలో పది లక్షల వంతుల్లో నూరు వంతులు చేరేసరికి అది ముక్కు పసిగట్టే శక్తినే దెబ్బతీస్తుంది, ప్రాణానికి తక్షణ ముప్పుగా లెక్కించే మట్టం కూడా అదే. వాసన తగ్గిందని లోపలికి దిగిన మనిషి కూలిపోతాడు, అతన్ని లాగబోయిన రెండో మనిషీ పడిపోతాడు. మన దేశంలో మురుగు ట్యాంకుల మరణాలు జంటలుగా, ముగ్గురు చొప్పున జరగడానికి కారణం ఇది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకో మురుగు కాలువలోకో దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అపార్ట్‌మెంట్ ట్యాంకు ముందు నిలబడినప్పుడు కూడా ఆ మాటే గుర్తుండాలి. నెలకు కొద్ది వేల జీతానికి మన మురుగును చూసుకునే మనిషి ప్రాణం మీద బేరం పెట్టే హక్కు ఏ సంఘానికీ లేదు. చాలా రోజులు ఆగిన స్లడ్జ్ ట్యాంకును మళ్లీ నడపాల్సి వస్తే ముందు బేస్‌మెంట్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేసి, అక్కడ ఎవరూ లేకుండా చూసి, వాల్వును కొద్దికొద్దిగా తెరవాలి. వాయువును కొలిచే మీటరు చేతిలో ఉండాలి.

మనిషి లోపలికి దిగాల్సిన అవసరం చాలాసార్లు వచ్చేది డిఫ్యూజర్లు మార్చడానికే. అవి అడుగుకు బిగించి ఉంటే ట్యాంకు ఖాళీ చేయాలి, బురద ఎత్తిపోయాలి, ఎవరో ఒకరు దిగాలి. గొలుసుతోనో గైడు పైపుల మీదుగానో పైకి లాగగలిగే అమరిక దొరుకుతుంది. కొనేటప్పుడు ఖరీదు ఎక్కువే. ఒక వరుసను మూసి, పైకి తీసి, గట్టు మీదే రబ్బరు పొరలు మార్చి మళ్లీ దించవచ్చు, ఆ సమయంలో మిగతా వరుసలు పని చేస్తూనే ఉంటాయి. ఈసారి మీ సంఘం డిఫ్యూజర్లకు కొటేషన్లు పిలిచినప్పుడు ఈ ఒక్క షరతును మొదటి వరుసలో రాయించండి: ట్యాంకులోకి ఎవరూ దిగకుండా మార్చగలిగేవై ఉండాలి.